ఎవరూ లేని బాటలు

పరుగును గురించి ఒక సాహిత్య పత్రికలో రాయటమేమిటని కొందరు మిత్రులకు అనుమానం రావచ్చు. పరుగు వ్యాయామమేగాని సాహిత్య విషయం కాదుగదా అని వారు అడగవచ్చు. నిజమే. కాని మనిషి ఏ నేలమీద పరిగెత్తుతున్నాడు, ఆ నేలమీద బాట ఎవరు వేశారు, పరిగెత్తటానికి కావలసిన తీరిక అతనికి ఎక్కణ్ణుంచి వచ్చింది అనే మూడు ప్రశ్నలూ వేసుకున్న మరుక్షణం పరుగు ఒంటరి మనిషి సొంత వ్యవహారంగా మిగలదు. ప్రకృతి వర్ణనను గురించి మన విమర్శకులు చాలాకాలంగా ఒక మాట అంటున్నారు: చెట్టును చూసి పరవశించే కవికి ఆ చెట్టు నాటిన చెయ్యి కనిపించదని. ఆ మాట సబబైనదేనని పుస్తకాలు చదివి ఒప్పుకున్నానుగాని, అందులోని బరువు నాకు తెలిసింది ఫ్రాన్సు దేశపు కొండబాటలమీదనే. ఆ మాటకు ఇంకో వైపు కూడా వుందనీ, దాన్ని మనం తరచు వదిలేస్తామనీ తెలిసింది కూడా అక్కడే. అంచేత ఈ వ్యాసం.

నేను పుట్టింది పశ్చిమ గోదావరి మెట్ట ప్రాంతంలో. మా వైపు మనిషి పరిగెత్తాడంటే దానికొక కారణం వుండితీరాలి. వెనకటి రోజుల్లో తపాలా సంచీ భుజాన వేసుకుని జవాను పరిగెత్తేవాడు. పల్లకీ కింద బోయీలు పరిగెత్తేవారు. ఇప్పుడు బస్సు తప్పిపోతుందని కూలీలు పరిగెత్తుతారు. అంటే పరుగు ఎప్పుడూ ఇంకొకరి పనిమీదనో, ఏదో భయంచేతనో జరిగేదే. ఇక ఆడది పరిగెత్తితే వీధి వీధంతా బయటికి వచ్చి, "ఏం జరిగిందమ్మా? ఎవరికేమయింది?" అని అడుగుతుంది. ఊరికే పరిగెత్తుతున్నానంటే నమ్మేవాళ్ళుండరు. ఉద్యోగరీత్యా మోంపెలియే నగరంలో నాలుగేళ్ళు వుండవలసివచ్చినప్పుడు, నా ముప్పై ఎనిమిదో ఏట, మొదటిసారి ఏ కారణమూ లేకుండా పరిగెత్తాను. నగరంలో ఏటివొడ్డున మొదలైన ఆ పరుగు ఏడాది తిరిగేసరికి ఉత్తరాన వున్న సెవేన్ కొండలకు చేరింది.

సెవేన్ కొండలు ఫ్రాన్సు నడుమనున్న మెరక ప్రాంతానికి ఆగ్నేయపుటంచు. అందులో పెద్దభాగం లోజేర్ జిల్లాలో వుంది. ఆ జిల్లా వైశాల్యం 5,167 చదరపు కిలోమీటర్లు. జనం సుమారు 77 వేలు. అంటే చదరపు కిలోమీటరుకు 15 మంది. మన దేశంలో ఒక చిన్న పట్టణంలో ఇరుక్కుని వుండే జనం అక్కడ ఒక జిల్లా అంతటా పరుచుకుని వున్నారన్నమాట. ఫ్రాన్సు జిల్లాలన్నిటిలోకీ జనం తక్కువైన జిల్లా అదే. ఆదివారంపూట ఉదయం రెండు గంటలు పరిగెత్తినా ఒక మనిషి ఎదురుకాకపోవటం అక్కడ మామూలు. గాలి, నీటి చప్పుడు, ఎక్కడో గొర్రెల మెడగంటలు, మన బూట్ల కింద రాళ్ళు, ఇంతే వినిపించేది. పరిగెత్తేవాళ్ళ మాటల్లో ఆ ప్రాంతానికి వుండే విశేషణం ఒకటే: ప్రశాంతం.

ఈ ప్రశాంతమనే మాట దగ్గర కాస్త ఆగాలి. 19వ శతాబ్దం మధ్యకాలంలో లోజేర్ జిల్లాలో 1,40,000 మందికి పైగా వుండేవారు. అప్పటినుంచి ఇప్పటికి ఫ్రాన్సు దేశపు జనాభా పెరిగింది. ఈ జిల్లాలో మటుకు దాదాపు సగానికి తగ్గింది. అంచేత ఈ నిశ్శబ్దం కొండలతోపాటు పుట్టినది కాదు. మనుషులు వెళ్ళిపోగా మిగిలిన నిశ్శబ్దం ఇది. అడవిలో వుండే నిశ్శబ్దం వేరు, పెళ్ళివారు వెళ్ళిపోయిన పందిట్లో వుండే నిశ్శబ్దం వేరు. చెవికి రెండూ ఒకటేగాని, రెండోదాన్ని వింటున్నవాడికి అది తెలిసివుండాలి. నేను పరిగెత్తిన బాటలు నాలుగింటిని తీసుకుని ఈ సంగతి చెబుతాను.

మొదటిది రెగోర్దాన్ బాట. నీమ్ నగరం నుంచి ఉత్తరానికి పోయే చిన్న రైలు అలేస్ దాటి కొండల్లో ప్రవేశించి జెనొలాక్ అనే వూళ్ళో ఆగుతుంది. అక్కడ దిగి, విల్‌ఫోర్ మీదుగా లా గార్ద్ గెరాన్ అనే పాత కోట వూరికి పరిగెత్తవచ్చు. పాతిక కిలోమీటర్లకు అటూ ఇటూగా వుంటుంది. మధ్యయుగాల్లో మధ్యధరా సముద్ర తీరం నుంచి ఉత్తరాదికి సరుకు పోయిన దారి ఇది. లా గార్ద్ గెరాన్‌లో కాపురమున్న చిన్న ప్రభువులు దారినపోయేవారికి కాపలా ఇచ్చి, అందుకు సుంకం వసూలు చేసేవారు. ఆ చుట్టుపక్కల రాతినేలమీద బండిచక్రాలు అరగదీసిన గాడి ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తుంది. పరిగెత్తేటప్పుడు మడమ అందులో ఇరుక్కోకుండా చూసుకోవాలి. రాతిలో అంతలోతు గాడి పడాలంటే ఎన్ని వందల ఏళ్ళు ఎన్ని వేల బండ్లు నడిచివుండాలి! ఆ బండ్లు లాగిన పశువుల మెడలు ఎంత కాయలు కాసివుండాలి! సుంకం పుచ్చుకున్నవారి కోటబురుజు చూడటానికి జనం వస్తారు. సుంకం కట్టినవారి గుర్తు మటుకు కాళ్ళ కింద వుంటుంది.

ఇక్కడ ఇంకో విశేషం వుంది. ఆ బండ్లదారి మూగబోవటానికి ఒక ముఖ్యకారణం రైలు. కొండల్ని తొలిచి, లోయలమీద వంతెనలు కట్టి, 1870 నాటికి ఆ రైలుమార్గాన్ని పూర్తిచేశారు. దానితో సరుకంతా రైలెక్కింది; బండ్లవాళ్ళు, వారిని నమ్ముకున్న పూటకూళ్ళవాళ్ళు, కమ్మరులు, నాడాలు కొట్టేవాళ్ళు మరో బతుకు వెతుక్కున్నారు. శనివారం ఉదయం నన్ను ఆ బాట దగ్గర దించిన రైలూ, ఆ బాటను ఖాళీచేసిన రైలూ ఒకటే. అలా అని రైలును తిట్టటం నా ఉద్దేశం కాదు. ఎద్దు మెడమీది కాడి దిగటం మంచిదే. కాని ఉత్పత్తి సాధనం మారినప్పుడు ఒకచోట పుట్టిన వేగం ఇంకోచోట నిశ్శబ్దంగా తేలుతుందనే సంగతి మటుకు అక్కడ కళ్ళారా చూడవచ్చు.

రెండో బాట లోజేర్ పర్వతంమీదుగా పోతుంది. ల బ్లెమార్ అనే వూళ్ళో బయలుదేరి, 1,699 మీటర్ల ఎత్తున వున్న ఫినియెల్ శిఖరం ఎక్కి, అవతల తార్న్ నది వొడ్డున వున్న పోన్ ద మోన్‌వేర్‌లో దిగాలి. సుమారు ఇరవై కిలోమీటర్లు. ఎక్కేటంతసేపూ పైన్ చెట్ల నీడ వుంటుంది. చెట్లు దాటగానే గడ్డి, గాలి, ఏనుగుల మంద పడుకున్నట్టు గుండ్రని నల్లరాతి బండలు. బట్టతల కొండ. దారి పొడుగునా నిలువురాళ్ళు పాతి వుంటాయి. మంచుకురిసే రోజుల్లో దారి తెలియటానికి వెనకటివారు పాతినవి. ఆ పర్వతంమీది కొన్ని కుగ్రామాల్లో చర్చి లేకపోయినా గంటస్తంభం వుంటుంది. మంచు తుపానులో దారితప్పినవారికి దిక్కు తెలిసేందుకు ఆ గంట మోగించేవారు. మోగించేది పూజారి కాదు, వూరివాళ్ళు. ఎముకలు కొరికే చలిలో తాడుపట్టుకుని గంటలకొద్దీ ఒకరి తరవాత ఒకరు లాగివుండాలి. ఎవరికోసం? ముఖం తెలియని బాటసారికోసం. ఎవరూ లేని బాట అని మనం మెచ్చుకుంటున్న బాటమీద ఒకప్పుడు మనిషికి మనిషి అంత అవసరంగా వుండేవాడు.

స్కాట్లండు రచయిత రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ 1878 సెప్టెంబరులో ఈ దారినే నడిచాడు. మోదెస్తీన్ అనే గాడిదమీద సామాను వేసుకుని, ల మొనాస్తియే వూళ్ళో బయలుదేరి, పన్నెండు రోజుల్లో సాన్ జాన్ ద్యు గార్ చేరి, అక్కడ గాడిదను అమ్మేశాడు. మరుసటి ఏడు ఆ ప్రయాణం గురించి పుస్తకం వేశాడు. ఇప్పుడు ఆయన పేరనే ఆ బాటకు గుర్తింపు వచ్చింది. గాడిదలను అద్దెకిచ్చేవారు కూడా వున్నారు. ఆయన వచ్చేనాటికి ఆ కొండల్లో జనం ఇంకా నిండుగానే వున్నారు. ఆయన గొప్పతనమల్లా, కొండల్ని చూసి ఊరుకోక ఆ కొండల్లో జరిగిన తిరుగుబాటును గురించి తెలుసుకుని రాయటం. విహారయాత్రకు వచ్చిన రచయితలందరూ ఆ పని చెయ్యరు.

ఆ తిరుగుబాటు ఇది. 1685లో 14వ లూయీ ప్రొటెస్టంటుల మతస్వేచ్ఛను రద్దుచేశాడు. సెవేన్ కొండల్లోని రైతులు, ఉన్ని వడికేవాళ్ళు, గొర్రెలకాపరులు ఎక్కువమంది ప్రొటెస్టంటులు. అక్కడ మతం పేరుతో జరిగిన దౌర్జన్యం వెనక పన్నుల బరువు కూడా వుంది. పోన్ ద మోన్‌వేర్‌లో ఒక మతాధికారి తన ఇంట్లోనే మనుషుల్ని బంధించి చిత్రహింసలు పెట్టేవాడు. 1702 జులై 24 రాత్రి కొండవాళ్ళు వచ్చి, బందీలను విడిపించి, ఆ అధికారిని చంపారు. కమిజార్ల యుద్ధం అలా మొదలైంది. రాజు సైన్యం 1703లో ఆ కొండల్లో నాలుగువందలకు పైగా పల్లెల్నీ, కుగ్రామాల్నీ తగలబెట్టింది. లాంగ్‌దాక్ పరగణా అధికారి బావిల్, ఫిరంగులూ దండూ పోవటానికి వీలుగా కొండ శిఖరాల వెంబడి దారులు వెడల్పుచేయించాడు. ఆ శిఖరపు దారులు ఇప్పటికీ వున్నాయి. లోతైన ఎక్కుడుదిగుళ్ళు లేకుండా, రెండువైపులా లోయలు కనిపిస్తూ, పరుగుకు అంత హాయిగా వుండే దారులు ఆ ప్రాంతంలో మరి లేవు. హాయిగా ఎందుకున్నాయంటే ఫిరంగి బండి ఎక్కటానికి వీలుగా వేశారు గనక. కొండ అందాన్ని చూడటానికి వేసిన దారి కాదది. కొండవాణ్ణి కాల్చటానికి వేసిన దారి. ఈ సంగతి తెలిశాక కూడా నేను ఆ దారిమీద పరిగెత్తాను, సంతోషంగానే పరిగెత్తాను. కాని ఆ సంతోషానికి లోతు పెరిగింది. చరిత్ర తెలిస్తే అందం చచ్చిపోతుందనే వాదం నేను నమ్మను.

మూడో బాట సాన్ జెర్మాన్ ద కల్బెర్త్ నుంచి దక్షిణంగా సాన్ జాన్ ద్యు గార్ వరకు. ఇరవై కిలోమీటర్లకు పైన. ఇక్కడ రాయి మారుతుంది. పలకలు పలకలుగా విడిపోయే రాయి. వానలో కాలు జారుతుంది. కొండ మొదలునుంచి పైదాకా మెట్లు మెట్లుగా గోడలు కట్టి, ఆ మెట్లమీద మట్టి నింపి, అక్కడి రైతులు సేద్యం చేశారు. సున్నం లేదు, సిమెంటు లేదు. రాయిమీద రాయి పేర్చిన గోడలు. ఆ మెట్లమీద చెస్ట్‌నట్ చెట్లు నాటారు. దాన్ని వారు రొట్టెచెట్టు అనేవారు. గోధుమ పండని కొండలో ఆ కాయే తిండి. చిన్న రాతి కొట్టాల్లో వారాల తరబడి పొగ వేసి ఆరబెట్టి, పెంకు తీసి, ఏడాదంతా తినేవారు. ఇక చేతిలో నాలుగు డబ్బులు ఆడటానికి మల్బరీ చెట్టు. దాన్ని బంగారుచెట్టు అనేవారు. ఇంటి పై అంతస్తులో పట్టుపురుగులు, కింది అంతస్తులో మనుషులు. ఆ నాలుగైదు వారాలూ పురుగు సుఖం చూశాకనే మనిషి సుఖం.

పట్టుగూళ్ళనుంచి దారం తీసే మిల్లుల్లో పనిచేసింది ఆడపిల్లలు. మరుగుతున్న నీళ్ళ తొట్టెలో చేతులు ముంచి పోగు పట్టుకోవాలి. 19వ శతాబ్దం మధ్యలో పట్టుపురుగులకు మిరియపు చుక్కల రోగం తగిలింది. లూయీ పాస్తర్ 1865లో అలేస్ వచ్చి, కొన్నేళ్ళు పరిశోధించి, రోగంలేని గుడ్లను ఏరే పద్ధతి కనిపెట్టాడు. శాస్త్రం పురుగును బతికించింది. కాని మార్కెట్టు రైతును బతకనివ్వలేదు. 1869లో సూయెజ్ కాలువ తెరిచారు. ఆసియా నుంచి చవక పట్టు ఓడలమీద వచ్చింది. తరవాత కృత్రిమ దారాలు వచ్చాయి. సాన్ జాన్ ద్యు గార్‌లోని దారపు మిల్లు 1965లో మూతపడింది. ఇప్పుడు ఆ భవనంలో మ్యూజియం వుంది. కొండవాళ్ళు అలేస్ చుట్టుపట్ల బొగ్గుగనుల్లోకీ, మైదానంలోని ద్రాక్షతోటల్లోకీ, పట్టణాల్లోకీ దిగిపోయారు. దిగిపోనివారిని 1914 యుద్ధం పిలుచుకుపోయింది. ఆ యుద్ధంలో ఫ్రాన్సు సుమారు 14 లక్షలమంది సైనికుల్ని పోగొట్టుకుంది. ఎంత చిన్న వూళ్ళోనైనా నీళ్ళపంపు పక్కన ఒక రాతిస్తంభం, దానిమీద పేర్ల పట్టీ వుంటుంది. మంచినీళ్ళ సీసా నింపుకుంటూ ఆ పేర్లు చదివేదాన్ని. ఒకే ఇంటిపేరు రెండుసార్లు, మూడుసార్లు వస్తుంది. ఇప్పుడు వూళ్ళో మిగిలిన ఇళ్ళకన్నా స్తంభంమీది పేర్లు ఎక్కువేమో ననిపించే వూళ్ళున్నాయి.

ఒక అక్టోబరు ఉదయం ఆ మెట్ల పొలాల మధ్య పరిగెత్తుతున్నాను. ఎనభై దాటిన ఒకావిడ వంగి కాయలు ఏరి బుట్టలో వేసుకుంటోంది. నన్ను చూసి నడుం నిటారుచేసి, "ఎవరైనా తరుముతున్నారా, మదాం?" అని అడిగింది. నాకు మా వూరి వీధి గుర్తుకొచ్చి నవ్వు ఆగలేదు.

"లేదండీ. ఊరికే," అన్నాను.

"ఊరికేనా! మా అమ్మ ఈ బాటమీద బుట్టతో మట్టి మోసిందండీ. వానకు కిందికి జారిపోయిన మట్టిని మళ్ళీ పై మెట్టుకు. ప్రతి చలికాలమూ. ఊరికే పరిగెత్తే ఓపిక అప్పుడెవరికి?"

ఆ మాటలో నిష్ఠూరం లేదు. వున్న సంగతి చెప్పింది. నేను ఏమనాలో తెలియక నిలబడితే ఆవిడే మళ్ళీ అంది: "అయినా పరిగెత్తండి. మనుషులు నడవకపోతే రెండేళ్ళలో ముళ్ళు కమ్మేస్తాయి. తరవాత ఇక్కడ బాట వుందంటే ఎవరూ నమ్మరు."

ఆవిడ చెప్పింది ముళ్ళను గురించేగాని, అది చట్టానికి కూడా వర్తిస్తుంది. ఫ్రాన్సులో పల్లెబాటలు చాలామటుకు కమ్యూనుల సొత్తు. కమ్యూను అంటే మన పంచాయతీ లాంటిది. జనం వాడుతున్నంతకాలం ఆ బాటను అమ్మటానికి వీల్లేదు. వాడకం ఆగిపోయిందని తేలితే మటుకు అమ్మవచ్చు. పక్క ఆసామీ కంచె వేసుకుని ముప్పై ఏళ్ళు అనుభవించాడంటే, హక్కు తనదేనని కోర్టుకు ఎక్కవచ్చు. 2022లో చేసిన ఒక చట్టం ఈ బాటలకు కొంత రక్షణ పెంచింది. అయినా మూలసూత్రం అలాగే వుంది: బాటకు దస్తావేజు మనుషుల అడుగులే. మా మెట్టలో దీన్ని అర్థం చేసుకోవటానికి లాయరు అక్కర్లేదు. తాటిచెట్ల నడుమ పొలాలకు పోయే పుంత ఏడాదికి ఒక చాలు చొప్పున ఎలా సన్నబడిపోతుందో, చివరికి గట్టుగా మారి రెవెన్యూ పటంలో మాత్రమే ఎలా మిగులుతుందో అక్కడ పెరిగిన ప్రతివారికీ తెలుసు. అటు ముళ్ళు మింగినా, ఇటు నాగలి మింగినా, పోయేది భూమి లేనివాడికి వున్న కాస్త భూమే. ఆస్తి లేనివాడికి బాటే ఆస్తి.

ఇక నాలుగో బాట. సెవేన్ కొండలకు నైరుతిగా లార్జాక్ అనే సున్నపురాతి పీఠభూమి వుంది. నీరు నిలవదు. గొర్రెలే జీవనాధారం, రోక్ఫోర్ జున్నుకు పాలిచ్చేవి ఆ గొర్రెలే. దగ్గరి పట్టణం మియో. దాని చుట్టూ వున్న ఈ రాతి పీఠభూములమీద 1995 నుంచి పెద్ద కొండపరుగు పందెం జరుగుతోంది, వేలమంది వస్తారు. ఆ వేలమందిలో ఎందరికి తెలుసోగాని, ఆ నేల ఇవాళ పరుగుకు మిగిలివుండటం వెనక పదేళ్ళ పోరాటం వుంది. లార్జాక్‌మీద వున్న సైనిక శిబిరాన్ని సుమారు 3,000 హెక్టార్ల నుంచి 17,000 హెక్టార్లకు పెంచుతామని 1971లో ప్రభుత్వం ప్రకటించింది. నేల వదలమని 103 మంది రైతులు ప్రమాణం చేశారు. గాంధీగారి దగ్గర వుండి వెళ్ళిన లాంజా దెల్ వాస్తో 1972లో అక్కడికి వచ్చి పదిహేను రోజులు నిరాహారదీక్ష చేశాడు. గొర్రెల్ని పారిస్‌లో ఈఫెల్ స్తంభం కిందికి తోలుకుపోయారు. 1978లో పారిస్‌దాకా కాలినడకన పోయారు. కార్మికులు, విద్యార్థులు వచ్చి వారితో చేయి కలిపారు. 1981లో మితెరాన్ అధ్యక్షుడైన తరవాత ఆ విస్తరణను రద్దుచేశారు. రెండువందల డెబ్భై ఏళ్ళ కిందట ఫిరంగులకోసం దారి వేసిన రాజ్యం, మళ్ళీ ఫిరంగులకోసమే నేల అడిగితే ఈసారి రైతులు గెలిచారు. లార్జాక్‌మీద వున్న నిశ్శబ్దం జనం పోగా మిగిలింది కాదు, జనం నిలబడి సంపాదించుకున్నది. అంచేత నిశ్శబ్దాలన్నీ ఒకటే జాతివి కావు.

ఇంతవరకూ చెప్పినదానినిబట్టి, శ్రమచేసేవారి చరిత్రమీద తీరిక వున్నవారు బూట్లు వేసుకుని పరిగెత్తుతున్నారని, ఇది కేవలం బూర్జువా విలాసమని ఎవరైనా తేల్చవచ్చు. మన సాహిత్యంలో ఈ రకం తీర్పు కొత్తది కాదు. వెన్నెలను గురించి రాస్తే పలాయనవాదమనీ, ఆకలిని గురించి రాస్తేనే వాస్తవికత అనీ లెక్కకట్టినవాళ్ళున్నారు. ఈ తీర్పులో ఒక పొరపాటు వుందని నా అభిప్రాయం. కష్టజీవికి కొండగాలి అక్కర్లేదని అనుకోవటం కష్టజీవిని గౌరవించటం కాదు. కష్టం తప్ప అతనికి మరేదీ తెలియనవసరం లేదనే మాట యజమాని నోటనే బాగా నప్పుతుంది.

ఫ్రెంచి కార్మికులు ఈ సంగతి బాగా గ్రహించారు. 1936లో ప్రజాకూటమి ఎన్నికల్లో గెలిచినప్పుడు లక్షలాదిమంది ఫాక్టరీలు ఆక్రమించి సమ్మెచేశారు. ఫలితంగా ఆ జూన్‌లోనే జీతంతో కూడిన రెండు వారాల సెలవూ, వారానికి 40 గంటల పనీ చట్టాలయాయి. ఆ వేసవిలో సెలవుమీద పోయే కార్మికులకు రైలు టిక్కెట్టులో 40 శాతం తగ్గింపు ఇచ్చారు. సముద్రాన్ని మొదటిసారి చూసినవాళ్ళు, కొండను మొదటిసారి ఎక్కినవాళ్ళు ఆ ఏడాది ఎందరో. ఆ సెలవు 1956లో మూడు వారాలు, 1969లో నాలుగు, 1982లో అయిదు వారాలు అయింది. యుద్ధం ముగిశాక, 1947లో, దేశమంతటా దూరపు కాలిబాటలకు గుర్తులు వేసే సంఘం ఏర్పడింది. తెలుపు గీత, దానికింద ఎరుపు గీత, చెట్లమీద, బండలమీద. దారితప్పితే ఆ రెండు గీతలూ ఒకదానినొకటి అడ్డంగా కొట్టుకుంటూ కనిపిస్తాయి. ఆ గుర్తులు వేసేది జీతగాళ్ళు కాదు, స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు. మంచు తుపానులో గంట మోగించినవారికి ఈ రంగుడబ్బాలు పట్టుకున్నవారు వారసులని నాకు తోస్తుంది. తెలియని బాటసారికోసం ఒకరు పని చెయ్యటం అక్కడ ఆగిపోలేదు.

అయితే ఆ సెలవు చట్టంలో ఒక లోటు వుంది. నెలజీతగాడికి సెలవు ఇవ్వటానికి యజమాని వున్నాడు. సొంత మెట్టుమీద సొంత మట్టి మోసుకునే చిన్నరైతుకు సెలవు ఎవరిస్తారు? పట్నంవాడు సెలవు పుచ్చుకుని కొండకు వచ్చేసరికి కొండవాడు సెలవు లేక కొండ దిగిపోయాడు. ఇవాళ్టి వైరుధ్యం ఇదే. మిగిలిన కొద్దిమంది కాపరులకు ఆ బాట ఇప్పటికీ పనిచోటే. జూన్ నెలలో మైదానం నుంచి కొన్ని మందలు పాత గొర్రెలబాటలవెంట పైకి వస్తాయి. తోడేళ్ళు 1992లో ఫ్రాన్సుకు తిరిగి వచ్చాయి. క్రమంగా ఈ కొండలకూ చేరాయి. అంచేత మందల మధ్య పెద్ద తెల్ల కుక్కలు కాపలా వుంటాయి. ఆ కుక్క దృష్టిలో పరిగెత్తి వచ్చేది ఏదైనా తోడేలే. అప్పుడు పరుగు ఆపి, మందను చుట్టుతిరిగి, మెల్లగా నడిచిపోవాలి. కంచె తలుపు తీస్తే మళ్ళీ వెయ్యాలి. ఇదేమీ పెద్ద త్యాగం కాదు. ఇంకొకరు పనిచేసుకుంటున్న చోటుకు మనం వచ్చామని గుర్తుంచుకోవటం, అంతే.

సెవేన్ కొండలు 1970లో జాతీయ వనమయాయి. 2011లో యునెస్కో ఆ కొండల్నీ, పక్కనున్న పీఠభూముల్నీ ప్రపంచ వారసత్వంలో చేర్చింది. ప్రకృతి వింతగా కాదు, గొర్రెలకాపరులూ రైతులూ మలిచిన సాంస్కృతిక దృశ్యంగా చేర్చింది. కాగితంమీద ఆ మాట ఒప్పుకోవటం మంచిదే. కాని కాగితం గోడ కట్టదు. ఆ కొండల్లో శరత్కాలపు వానలు భయంకరంగా వుంటాయి. 2020 సెప్టెంబరులో వలరోగ్ వూరివద్ద ఒక్క రోజులో 600 మిల్లీమీటర్లకు పైగా కురిసింది. చూసేవారు లేని మెట్లగోడ అలాంటి వానకు ఒకచోట పొట్ట పగులుతుంది. పైమెట్టు కిందిమెట్టుమీద పడుతుంది. దానితో బాట కూడా పోతుంది. ఆ గోడలు మళ్ళీ పేర్చటం నేర్చుకుంటున్న యువకులు కొద్దిమంది వున్నారు. వారికి కావలసింది మెచ్చుకోలు కాదు. బడి, వైద్యుడు, పాలకు గిట్టుబాటు ధర, ఆ చిన్న రైలు ఆగకుండా నడవటం. పరిగెత్తేవాళ్ళు ప్రశాంతతను కోరుకుంటే, మొదట ఈ కోరికలను తమ కోరికలుగా చేసుకోవాలి. మనుషులు బొత్తిగా లేని కొండలో ప్రశాంతత మిగలదు, ముళ్ళే మిగులుతాయి.

ప్రకృతి వర్ణనను గురించి నేను చేరుకున్న అభిప్రాయం కూడా ఇదే. కొండను చూసి సంతోషించటం తప్పు కాదు. ఆ కొండకు మెట్లు కట్టినవారిని చెరిపేసి సంతోషించటం తప్పు. వారి పేరు చెప్పి సంతోషాన్నే చెరిపెయ్యటం కూడా తప్పే. ఏ కారణమూ లేకుండా ఒక గంట పరిగెత్తగలగటం చిన్న విషయంగా కనిపిస్తుంది. కాని దానికి ఎనిమిది గంటల పని కావాలి, జీతంతో సెలవు కావాలి, అందరిదీ అయిన బాట కావాలి, ఆడది ఒంటరిగా ఆ బాటమీద భయంలేకుండా పోగలగాలి. ఈ నాలుగూ ఎక్కడా దానంగా దొరకలేదు. మా వూరి పుంతమీద వరినాట్లకు పోయే ఆడకూలీకి వీటిలో ఎన్ని వున్నాయో లెక్కచూస్తే, మనం రాయవలసినది ఇంకా ఎంత వుందో తెలుస్తుంది.